ముప్పై ఎనిమిది పిలిచేలోపు

బోర్డు మీద ఎర్రటి అంకె ముప్పై ఒకటి దగ్గర ఆగి ఉంది. ఉడత చేతిలోని చీటీ మీద ముప్పై ఎనిమిది. లోపల ఒకరు, మధ్యలో ఆరుగురు, మనిషికి ఏడెనిమిది నిమిషాలు, అంటే గంటకి కాస్త తక్కువ అని ఉడత పక్కన కూర్చున్న పిన్ని లెక్క వేసుకుంది. వేసుకున్న లెక్కని మళ్ళీ ఒకసారి సరిచూసుకుంది. సరిచూసుకోకుండా ఉండలేదు మరి, ఇంట్లో అందరూ ఆమెని చెక్‌పోస్టు అని పిలిచేది ఊరికే కాదు. ఎవరు బయల్దేరినా గుమ్మంలో అడ్డంగా నిలబడి, తాళాలు తీసుకున్నారా, గ్యాసు కట్టేశారా, కళ్ళజోడు ఏది అని అడిగి, జవాబు చెప్పినా నమ్మక లోపలికెళ్ళి చూసొచ్చి, అప్పుడు గానీ దారి ఇవ్వదని అక్క పెట్టిన పేరది. ఆ అక్కే ఇప్పుడు పక్క కుర్చీలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాని మూలని గోటితో గీకుతూ కూర్చుంది. ఫైలంతా ఉడతదే. ఉడత అక్క కూతురు, ఆరేళ్ళది. మూడు నెలల కిందట మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది, పరీక్షలు చేసి చెడ్డ గడ్డేనన్నారు. మొదటి విడత మందు ఎక్కించారు, ఇవాళ్టి నుంచి కరెంటు పెడతారు. ఇంటి వాళ్ళు కరెంటు అంటారు, కాగితాల మీద రేడియేషన్ అని ఉంటుంది. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీలు లేని హాల్లో, గోడంత మందం ఉన్న తలుపు ఎదురుగా వాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు. తలుపు మీద పసుపు బిళ్ళ, దాని మీద మూడు నల్ల రెక్కలు. అక్కడ ఫ్యాను బొమ్మ ఎందుకు అంటించారని ఉడత వచ్చినప్పట్నించి అడుగుతోంది.

"దాహం" అని ఉడత కుర్చీ దిగింది. నీళ్ళ మిషను పది అడుగుల దూరంలో ఉంది. నేల మీద నలుపూ తెలుపూ పలకలు, నల్ల పలకల మీదే కాలు పెట్టాలన్నది ఉడత తనకి తానే పెట్టుకున్న పందెం. నాలుగో పలక దగ్గర ఒళ్ళు ఒక పక్కకి తూలింది, సర్దుకోబోయి రెండో పక్కకి ఇంకాస్త తూలింది, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాచి, ఆగి, మళ్ళీ కదిలింది. "నీరసం, పాపం" అంది అక్క. నీరసం కాదిది, ఇవాళ్టిది కాదిది అని ఆమె లోపల ఎవరో అన్నారు. ఉడత నడక మొదలెట్టిన నాటి నుంచీ ఇలాగే నడుస్తోంది. ఏడాది నిండకుండానే నడిచిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. రెండేళ్ళకి కుదురుకుంటుందన్నారు, మూడేళ్ళకి కుదురుకుంటుందన్నారు, నాలుగేళ్ళకి పాదాలు చదునుగా ఉన్నాయేమో అని లారీ నడిపే బావ ఒక రోజు పని మానుకుని మరీ పట్నమంతా తిరిగి ఎత్తు అట్ట ఉన్న బూట్లు కొనుక్కొచ్చాడు. అలాంటి బూట్లే ఇప్పుడూ కాళ్ళకి ఉన్నాయి. చెట్టెక్కే పిల్లలా గోడలూ బల్లలూ పాకేదని ఉడత అన్నారు గానీ, అది పాకేది నేల మీద నిలబడలేకేమో, చేతులకి ఏదో ఒకటి దొరికితేనే దానికి ధైర్యమేమో అని ఆమెకి ఈ నిమిషాన తోచింది. తోచగానే, తోచకుండా ఉంటే బాగుండేదనిపించింది. పిల్ల కాగితం గ్లాసులో సగం నీళ్ళు పట్టింది, ఇంకో సగం చేతి మీద ఒలికాయి, ఆ చెయ్యి వణకడం ఇంత దూరానికి కూడా తెలుస్తోంది. ముప్పై రెండు.

ఇది నీ పిచ్చి, ఎక్కడ చూసినా నీ పనే కనపడుతోంది నీకు, దర్జీ వాడికి దారిన పోయేవాళ్ళ చంకల కింద కుట్లు కనపడినట్టు అని తనకి తాను చెప్పుకుంది. ఆమె పని ఈస్టు. రొట్టె పిండిని పొంగించే ఈస్టే. పదకొండేళ్ళుగా దాన్ని ప్లేట్ల మీద పెంచడం, చంపడం, చావకుండా మిగిలినవాటిని లెక్కపెట్టడం. ల్యాబు నుంచి ఇంటికొస్తే జుట్టుకి రొట్టెల దుకాణం వాసన వేస్తుందని ఉడత మెడ చుట్టూ చేతులు వేసి, తల వాసన చూసి, "పిన్ని పొంగింది" అని నవ్వేది. ఆ ఈస్టు కణం ఒకటి రెండు కావాలంటే ముందు తనలోని జన్యువుల దారాలన్నిటికీ నకళ్ళు తీసుకోవాలి, తీసుకున్న నకళ్ళని చెరి సగం పంచుకోవాలి. పంచుకునే ముందు ఒక కాపలా ఉంటుంది. దారం ఎక్కడైనా తెగిందా అని చూసి, తెగితే ఆగు అంటుంది. కణం ఆగుతుంది. మైక్రోస్కోపులో చూస్తే తల్లి పక్కన పిల్ల మొగ్గలా నిలబడి, విడిపోకుండా, గంటలకొద్దీ అలాగే, తెగిన చోట అతుకు పడేదాకా ఆగి ఉంటుంది. ఆ కాపలా కాసే జన్యువుని తీసేసిన ఈస్టు కూడా ఆమె దగ్గర ఉంది, ఆమే తీసేసింది. అది ఆగదు. తెగిన దారాలతోనే విడిపోతుంది. తెగిన కొసలు ఊరుకోవుగా, ఏది దొరికితే దానికి అతుక్కుంటాయి, ఈ దారం తల ఆ దారం తోకకి, కొన్ని ముక్కలు ఎటూ కాకుండా పోతాయి, మొత్తం తారుమారు. దాన్ని పట్టుకోవడానికి ఒక దారం కొసన రెండు గుర్తులు పెడతారు, ఆ గుర్తులున్న కణాన్ని చంపే రెండు విషాలు ప్లేటులో కలుపుతారు, కొస ఊడిపోయిన కణమే అక్కడ బతికి బట్టకడుతుంది. కాపలా ఉన్న ఈస్టయితే కొన్ని వందల కోట్ల కణాలు పోసినా ఒకటో అరో చుక్క లేస్తుంది. కాపలా లేనిదయితే ఆ లెక్క వందల రెట్లు పెరుగుతుంది, ప్లేటు నిండా మశూచి పోసినట్టు. ఆ ప్లేటు మీద బతికినవాటిని లెక్కపెట్టడమంటే విరిగినవాటిని లెక్కపెట్టడమేనని కొత్తగా చేరినవాళ్ళకి ఆమే చెబుతుంది, చెప్పి నవ్వుతుంది కూడా. ఆ కాపలా జన్యువుకి మనుషుల్లో దగ్గరి చుట్టాలున్నాయి. వాటిలో ఒకటి అమ్మ వైపూ నాన్న వైపూ రెండూ చెడిపోయి పుట్టిన పిల్లలు కొందరుంటారు, చాలా అరుదు. వాళ్ళు నడవడం మొదలెట్టిన నాటి నుంచీ తూలుతారు. కొన్నేళ్ళకి కంటి తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర నరాలు తేలతాయి. వాళ్ళకి ఇలాంటి గడ్డలు తొందరగా వస్తాయి. ఆ గడ్డలకి అందరికీ పెట్టినట్టే వాళ్ళకీ కరెంటు పెడితే ఏమవుతుందో ఆమె చదివింది. చదివి, పేజీ తిప్పేసింది.

ఎప్పుడు చదివింది? ఎనిమిది నెలల కిందట. ఉడత బడిలో ఆటల రోజున తీసిన ఫొటో అక్క ఫోనులో పంపింది. గోనెసంచి పరుగులో ఉడత పడిపోయి, సంచిలోనే కూలబడి, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఎండ ముఖం మీద పడింది. ఆమె రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసింది, పళ్ళు చూద్దామని, ముందు పన్ను ఊడిందని అక్క రాసింది కదా అని. పన్ను చూసి, పైకి జరిపితే కళ్ళు. తెల్లగుడ్డులో మూల నుంచి నల్లగుడ్డు వైపు ఎర్రటి పోగులు. ఆమె ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఫోను చేసి అడిగితే అక్క తేలిగ్గా కొట్టిపారేసింది. అక్క కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది, కళ్ళ సంగతి దాని దగ్గరా? "మా షాపులో కళ్ళు చూసే ఆయనకి చూపించానే. నొప్పి లేదు, దురద లేదు, పుసి లేదు. కళ్ళు పొడిబారాయట, చుక్కల మందిచ్చాడు. నువ్వు మొదలెట్టకు." నువ్వు మొదలెట్టకు. ఆమె మొదలెట్టలేదు. ఆ రోజు సాయంత్రం ల్యాబులో లావుపాటి పుస్తకం తీసి చదివింది, మూసింది. ల్యాబు నడిపే మేడమ్ మాట ఒకటుంది, కొత్తవాళ్ళు ఒక్క ప్లేటు పట్టుకుని గంతులేస్తూ వస్తే అద్దాల పైనుంచి చూసి అంటుంది, "ఒక్క ప్లేటు పుకారమ్మా. మూడు ప్లేట్లయితే వార్త. మూడొచ్చాక రా." పదకొండేళ్ళుగా ఆమె ఆ మాట మీదే బతికింది, ఆ మాట వల్లే ఒక్క తప్పు లెక్క కూడా ఆమె పేరు మీద బయటికి పోలేదు. కళ్ళు ఒక్క ప్లేటే కదా అనుకుంది. పిల్లని ప్లేటుతో లెక్కేస్తున్నానని అనుకోలేదు, జాగ్రత్తగా ఉన్నాననుకుంది.

"ఏంటే, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నావ్?" అంది అక్క. "భయమేస్తోందా? నాకే లేదు." అబద్ధం. అక్క గోరు ఫైలు మూలని చింపేసింది. "పెట్టేటప్పుడు నొప్పేమీ ఉండదటే. ఎక్స్‌రే తీసినట్టేనట. నిన్న పక్క మంచం ఆవిడ చెప్పింది, తను ఇరవై సార్లు పెట్టించుకుందట, చూడు ఎంచక్కా తిరుగుతోంది." ఆమె తల ఊపింది. ఎక్స్‌రే. ల్యాబులో మూలన ఒక ఇనప పెట్టె ఉంది, ఫ్రిజ్ అంత, దానికీ ఇదే పసుపు బిళ్ళ. ప్లేట్లని అందులో పెట్టి, తలుపు వేసి, మీట నొక్కి, పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చుంటుంది. కాపలా ఉన్నవాటి ప్లేటు, కాపలా లేనివాటి ప్లేటు, ఒకే పెట్టెలో, ఒకే సేపు. మూడో నాటికి తీసి చూస్తే మొదటి ప్లేటు నిండా తెల్లటి చుక్కలు, చక్కగా, గుండ్రంగా. రెండో ప్లేటు బోడి. ఎక్కడో నాలుగు వంకర చుక్కలు, అవి కూడా లోపల సవ్యంగా లేనివే. ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు, ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు. చచ్చేది ఈస్టే కదా. ఉడత గ్లాసు పట్టుకుని తిరిగొచ్చింది, ఈసారి గోడ పట్టుకుని. ఒళ్ళో ఎక్కి కూర్చుని, నోరు తెరిచి, "పిన్నీ, ఇంకా మండుతోంది" అంది. మొదటి మందుకే నోరంతా పుండ్లు లేచాయి, నాలుక నుంచి గొంతు దాకా, పన్నెండు రోజులు నీళ్ళు కూడా మింగలేదు. అంత మందుకి ఇంత అవడమేంటని వార్డులో నర్సు ఆశ్చర్యపోయిందట, కొందరి ఒళ్ళు అంతే అన్నారట. ఇది రెండో ప్లేటా? లేక నడక రెండోదా, నోరు మూడోదా? లెక్కపెడుతున్నావా, సిగ్గులేదూ అని తన్ను తాను తిట్టుకుంది, అయినా లెక్కపెట్టింది. ముప్పై నాలుగు.

లేచి చెప్పు. ఏమని చెప్పను? ఈస్టులో ఇలా జరుగుతుంది కాబట్టి నా అక్క కూతురికి కరెంటు పెట్టొద్దని చెప్పనా? లోపల ఉన్నది చదువుకున్న డాక్టర్లు, వాళ్ళు రోజూ పిల్లల్ని చూస్తారు, నేను రోజూ పిండిని చూస్తాను. చెప్పాక తప్పని తేలితే? ఈ గడ్డ ఆగదు, వారం ఆలస్యమైతే వారం పెరుగుతుంది, చేతిదాకా వచ్చిన వైద్యాన్ని చేతులారా ఆపినదాన్ని అవుతాను. అప్పుడు అక్క ముఖం ఎలా చూడను? ఆమెకి రైలు గుర్తొచ్చింది. గుర్తురావడమేంటి, వచ్చినప్పట్నించీ అది ఇక్కడే ఉంది, ఈ కుర్చీ కిందే చక్రాల చప్పుడు చేస్తూ. అక్కకి ఇరవై రెండు, తనకి పదహారు. బళ్ళో టీచరు ఉద్యోగానికి అక్కని వేరే ఊరికి ఇంటర్వ్యూకి పిలిచారు, అమ్మా తనూ తోడు. నడుమ ఒక స్టేషన్లో అమ్మ లేచి వెళ్ళింది, ఎక్కడికో తను వినలేదు. బండి కదిలింది. అమ్మ సీటు ఖాళీగా ఉంది. అమ్మ దిగిపోయింది, ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది అనుకుంది, పై ప్రాణాలు పైనే పోయాయి, లేచి గొలుసు లాగింది. బండి చెరుకు తోటల మధ్య కీచుమంటూ ఆగింది. అందరూ కిటికీల్లోంచి తలలు బయట పెట్టి చూస్తుంటే, పక్క పెట్టెలోంచి అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది, "బండెందుకు ఆగిందే?" అంటూ. అందరూ నవ్వారు. గార్డు నవ్వలేదు. తర్వాతి స్టేషన్లో దింపి, ఒక గదిలో కూర్చోబెట్టి, కాగితాలు రాయించి, మూడు గంటలు ఉంచారు. అక్క వెళ్ళేసరికి ఇంటర్వ్యూ గది తలుపుకి తాళం. అక్క ఏడవలేదు, తిట్టలేదు. తిరుగు బండిలో కిటికీ వైపు తిరిగి, "ఇంకెప్పుడూ నా బండి ఆపకు" అంది, అంతే. ఆ తర్వాత గుమ్మంలో తాళాలడిగింది, గ్యాసడిగింది, నవ్వించింది, చెక్‌పోస్టు అనిపించుకుంది. అసలు ఆపాల్సిన చోట మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ నోరు మెదపలేదు. బావ తమకి దూరపు చుట్టమేనని, రెండు వైపులా ఒకే ముత్తవ్వ అని సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళు సంతోషంగా చెప్పుకున్నారు, అప్పుడు తను జన్యువుల పాఠాలు చదువుతోంది, అయినా మాట్లాడలేదు. ఇప్పుడిది ఎందుకు గుర్తొచ్చింది? ఇది ఎన్నో ప్లేటు? అబ్బా, ఆపు.

ముప్పై ఐదు. ముప్పై ఆరు వెంటనే పడింది, ఎవరో రాలేదట, అంటే తన లెక్క తప్పింది, గంట లేదు, పావుగంట కూడా లేదు. మందపాటి తలుపు తెరుచుకుని మిషను నడిపే ఆయన బయటికి తొంగిచూశాడు. బొద్దుగా, నెరిసిన మీసాలతో, పిల్లలుండే మనిషిలా ఉంటాడు. కిందటి వారం ఉడత ముఖానికి కొలతగా గట్టి వల లాంటి ముసుగు చేసింది ఆయనే, అది బిగిస్తే తల కదలదు, కిరణం పక్కకి పోదు. ముసుగు చూసి ఉడత ఏడిస్తే, ఆయన పెన్ను తీసి దాని మీద మీసాలూ రెండు ముందుపళ్ళూ గీసి నవ్వించాడు. ఇప్పుడు ఆ ముసుగుని తలుపు సందులోంచి ఊపి, "ఇటు చూడు తల్లీ, ఎవరొచ్చారో" అన్నాడు. ఉడత చూసింది. ఆమె ఒళ్ళోనే ఉంది పిల్ల, ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో. ముందు తల తిరిగింది. గభాలున, పూర్తిగా, పిలిచిన వైపుకన్నా కాస్త అవతలికే తిరిగింది. కళ్ళు మాత్రం తిరగలేదు. కళ్ళు ఎక్కడున్నాయో అక్కడే, ఆమె భుజం వైపే ఉండిపోయాయి, ఒక రెప్పపాటు, ఇంకో రెప్పపాటు. అప్పుడు ఉడత గట్టిగా కళ్ళు మూసి తెరిచింది, అప్పుడు కళ్ళు మెల్లగా జారి తల ఉన్న చోటికి చేరాయి, అప్పుడు నవ్వింది. ఆ లావు పుస్తకంలో ఇది కూడా ఉంది. ముందు తల, తర్వాత కళ్ళు. మూడు వాక్యాలు రాశారు దీని గురించి, ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇన్నేళ్ళూ ఈ పిల్ల పిలిస్తే ఆలస్యంగా చూసేది, ధ్యాస లేదు దీనికి అని ముద్దుగా విసుక్కునేవాళ్ళు.

మూడు ప్లేట్లు. నాలుగు. లేచి నిలబడు. కాళ్ళు లేవలేదు. భయం ఇలా ఉంటుందని ఆమెకి తెలియదు, ఇంతవరకూ భయమంటే గుండె దడ అనుకుంది. ఇది దడ కాదు, ఒళ్ళంతా తడి మన్నులో దిగబడినట్టుంది. ఒడిలో పిల్ల బరువు, మోకాలికి తగులుతున్న ఆ ఎత్తు అట్ట బూటు, రొట్టె వాసన కోసం జుట్టులో దూరిన చిన్న ముక్కు, పక్కన అక్క గీకే చప్పుడు, అన్నీ చాలా దగ్గరగా, చాలా స్పష్టంగా ఉన్నాయి, నోరు మాత్రం తనది కాదు. ఇంకొంచెం ఆగుదాం, రేపటి నుంచి చెబుదాం, ఇవాళ ఒక్కరోజే కదా, ఒక్క పొద్దుకి ఏమవుతుంది అని లోపల ఒక గొంతు మెత్తగా మాట్లాడుతోంది. ఆ గొంతు ఎక్కడిదో ఆమెకి తెలుసు. కాపలా ఉన్న ఈస్టు కూడా అతుకు పడని దారంతో పన్నెండు గంటలు, పదిహేను గంటలు ఆగి ఆగి, విసిగి, ఇక చాల్లే అని తెగిన దారంతోనే విడిపోతుంది కొన్నిసార్లు. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆ ఘడియ కోసం ఆమె ఎన్ని రోజులు కాపు కాసిందో. ఎనిమిది నెలలు ఆగి ఆగి ఇవాళ తనూ చాల్లే అంటోంది. అప్పుడు ఆమెకి ఇంకొకటి తట్టింది, పదకొండేళ్ళుగా కళ్ళ ముందున్నదే. ఈస్టు ఆగడానికి మూడు చోట్ల తెగనక్కర్లేదు. పదహారు దారాల్లో ఒక్క దారం, ఒక్క చోట తెగితే చాలు, ఆగుతుంది. తెగిందో లేదో ఇంకో రెండు చోట్ల చూసి చెప్తానని అనదు. ముందు ఆగుతుంది, తర్వాత చూస్తుంది. మేడమ్ మాట కాగితం మీద అచ్చు వేసేవాళ్ళకి. బతికి ఉన్నదేదీ అలా లెక్కపెట్టుకోదు. ఫొటోలో ఆ కళ్ళు చూసిన రోజే ఆగాల్సింది.

"ముప్పై ఎనిమిది" అంది గోడ మీది పెట్టె. ఉడత ఒడి దిగింది. అక్క లేచి, ఫైలు కుర్చీలో పెట్టి, పిల్ల గౌను సర్దింది. మిషను ఆయన చెయ్యి చాచాడు. ఉడత కుర్చీ వదిలి, ఆ చేతి వైపు, నల్ల పలకల మీదుగా అడుగు వేసింది.

"ఆపండి" అంది ఆమె. ఎవరికీ వినపడలేదు, ఆమెకే సరిగ్గా వినపడలేదు. ఎప్పుడు లేచిందో తెలియదు, మందపాటి తలుపుకీ పిల్లకీ మధ్య నిలబడి ఉంది, గుమ్మంలో నిలబడే అలవాటు ఒంటికి గుర్తున్నట్టుంది. "ఆపండి. ఇవాళ పెట్టొద్దు. డాక్టరుగారిని పిలవండి."

"ఏమైందే నీకు?" అక్క గొంతు గరుకుగా వచ్చింది. "ఇది నీ తాళాలూ గ్యాసూ కాదు. తప్పుకో."

"తప్పుకోను అక్కా. నీ బండి ఆపుతున్నాను. తిట్టు, కొట్టు, తర్వాత. డాక్టరుగారు వచ్చేదాకా దీన్ని లోపలికి పంపను."

డాక్టరు వచ్చింది. అలసిన కళ్ళావిడ, ఒక చెవికి మాత్రమే దిద్దు ఉంది, రెండోది ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఆమె ఆవిడకి చెప్పింది, తొట్రుపడుతూ, నడకతో మొదలెట్టి కళ్ళకి, కళ్ళతో మొదలెట్టి ముత్తవ్వకి, వెనకా ముందూ చేసి చెప్పింది. పసితనంలోనే తగ్గిపోవాల్సిన ప్రోటీను ఒకటి ఈ జబ్బున్న పిల్లల రక్తంలో తగ్గదట, ఒక్కసారి ఆ పరీక్ష చేయించండి, అంతవరకు కిరణం వద్దు అంది. "మీరు డాక్టరా?" అని ఆవిడ అడిగితే, "కాదండీ, ఈస్టు మీద పనిచేస్తాను" అంది, అని తల దించుకుంది. ఆ క్షణాన ఆమెకి కావలసింది ఒక్కటే. ఈవిడ నవ్వాలి. నవ్వి, మీరు మరీనండీ, ఇది ఎప్పుడో చూశాం, అలాంటిదేం లేదు అనాలి. అందరూ నవ్వాలి, అక్క ఇక ఇరవై ఏళ్ళు మాట్లాడకపోయినా సరే, అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ పక్క పెట్టెలోంచి బయటికి రావాలి. ఆమె అంత గట్టిగా ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు. డాక్టరు నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఉడత కంటి రెప్ప కొంచెం పైకెత్తి చూసింది. జేబులోంచి పెన్ను తీసి ఎడమ పక్కన పట్టుకుని, "ఇది చూడమ్మా" అంది. ముందు తల తిరిగింది. అందరూ కళ్ళ కోసం ఎదురుచూశారు. ఆవిడ పెన్నుని కుడి పక్కకి మార్చింది, మళ్ళీ చూసింది. "నడక చిన్నప్పట్నించీ ఇంతేనా?" అని అక్కని అడిగింది. అక్క అవునని తల ఊపింది. ఆవిడ లేచి మిషను ఆయనతో, "ఇవాళ్టికి ఆపేయండి" అంది, నర్సుతో రక్తం తీయించమని చెప్పింది, ఆమె వైపు తిరిగి భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి పడ్డచోట ఆమెకి చలి పుట్టింది. తప్పవుతానేమోనన్న భయంతో కూర్చుంది ఇంతసేపూ, అది భయమే కాదని ఇప్పుడు తెలిసింది.

మిషను ఆయన ఏం చెయ్యాలో తెలియక ముసుగుని ఉడత చేతికిచ్చాడు. ఉడత దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని, గీసిన మీసాల వెనక నుంచి, "అయిపోయిందా? నొప్పే లేదు" అంది. అక్క ఆమె దగ్గరికొచ్చింది.

"ఎప్పట్నించి తెలుసే నీకు?"

"తెలియదక్కా. అనుమానమే."

"ఎప్పట్నించి?"

"ఆ గోనెసంచి ఫొటో పంపావు కదా. అప్పట్నించి."

అక్క లెక్క వేసుకోవడం ఆమెకి ముఖంలో కనపడింది. ఎనిమిది నెలలు, గడ్డ, సూదులు, నోటి పుండ్లు, ఆ పన్నెండు రోజులు. కొడుతుందనుకుంది, కొడితే బాగుండేదనుకుంది. అక్క కొట్టలేదు. పెదవులు కదిలాయి, మాట తర్వాత వచ్చింది. "ఎందుకు చెప్పలేదు? నేను ఆపొద్దన్నాననా?"

అవునంటే అక్క మీద వేసినట్టు, కాదంటే అబద్ధం. బోర్డు మీద ముప్పై తొమ్మిది పడింది, ఎవరో ముసలాయన కర్ర ఊతంగా పట్టుకుని లేచి వాళ్ళ పక్క నుంచి లోపలికి వెళ్ళాడు. అక్క పిల్లని ఎత్తుకుంది, బూట్లు నడుముకి తగులుతూ వేలాడాయి, నర్సు చూపించిన వరండా వెంట నడిచింది. ఆమె నాలుగు అడుగులు వెనక నడిచింది. రక్తం తీసే గది మలుపు దగ్గర అక్క ఆగింది. వెనక్కి తిరగలేదు. భుజం మీంచి ఉడత మాత్రం చూసింది, ముందు తల, తర్వాత కళ్ళు.

"ఫైలు తెచ్చావా?" అంది అక్క.

తేలేదు. ఫైలు కుర్చీలోనే ఉండిపోయింది. చెక్‌పోస్టు మొదటిసారి ఏదీ సరిచూసుకోకుండా లేచి వచ్చేసింది. "అక్కడే ఉండండి, తెస్తాను, కదలకండి" అని చెప్పి ఆమె వెనక్కి పరుగెత్తింది.